నేనొస్తా మరి

హైడెల్‌బర్గ్
జనవరి 29

గీతికకు,

ముందట 'ప్రియమైన' అని పెట్టబుద్ధి కాలే, పెట్టలే. వాట్సాప్‌ల బ్లాక్ చేసినవ్. ఫోన్ బ్లాక్ చేసినవ్. ఇన్‌స్టాల తీసేసినవ్. సరే, ఇంటి ముందటి పోస్టుడబ్బాని ఎట్ల బ్లాక్ చేస్తవో చూస్త. అందుకే రిజిస్టర్ పోస్టు పెట్టిన, సంతకం పెట్టి తీసుకో. టైప్ చేసి పంపుతున్న, ఎందుకని అడగకు.

పదకొండేండ్ల సోపతి మనది. లైప్‌జిగ్‌ల ఎం.ఎస్. చదివినన్ని రోజులు ఒకటే రూము, ఒకటే కుక్కరు. రంజాన్ నెలల ఇఫ్తార్‌కి ఖర్జూరాలు నాకన్నా ముందు నువ్వే కొనుక్కొస్తుంటివి. ఆ లెక్కల నాకు ఒక్క జవాబు బాకీ లేదా నువ్వు? ఒక్కటే అడుగుతున్న. ఎందుకు రాలే?

పద్దెనిమిదో తారీకు నాడు ఏమైందో నా దిక్కునుంచి రాస్త. తప్పుంటే దిద్దు.

బ్లాక్ ఫారెస్ట్ కొండలల్ల మంచు పరుగు, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, జోడీలు. ఇద్దరికి కలిపి ఒకటే నంబర్, 214. ఇద్దరు కలిసి పోవాలె, కలిసి ముగించాలె. నాకు ఈ మంచుల ఉరుకుడు పిచ్చి అంటించిందే నువ్వు, పేరు రాయించింది నువ్వు, ఆ ఊర్ల రూము తీసుకున్నది నువ్వు. మైనస్ తొమ్మిది. పదిహేనో కిలోమీటర్ కాడ గుడారమేసి వేడి చాయ్ పోస్తున్నరు. నువ్వు బెంచీ మీద కూసున్నవ్. నేను నిలబడే తాగిన, కూసుంటే కాళ్ళు పట్టేస్తయని. పోదమా అన్న. నువ్వు లేచి నా భుజం మీద చెయ్యేసి, నవ్వి, ఏమన్నవ్? "సరేనే, నేనొస్తా మరి. నువ్వు జాగ్రత్త" అన్నవ్. ఈ రెండు చెవులతోని విన్న. చాయ్ అయిపోగొట్టి వస్తవ్ కదా అని నేను ముందు కదిలిన. ఎక్కుడుల నువ్వు నాకన్నా జోరు, ఐదు నిమిషాలల్ల అందుకుంటవ్ అనుకున్న.

ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కితే పైన దారి రెండుగ చీలుతది. అక్కడ జోడీ కలిసి నిలబడి నంబర్ చూపిస్తేనే ముందుకి పోనిస్తరు. నిలబడ్డ. చెట్టు లేదు, చాటు లేదు, ఒకటే గాలి. ఇరవై నిమిషాలు. నలభై. నీ ఫోన్ కలవదు. గంటా పది నిమిషాలు నిలబడ్డ గీతికా. ఆఖరికి నువ్వు ఎక్కడనో లోయల పడ్డవని ఏడ్సుకుంట చెప్పిన వాళ్ళకి. కొండలల్ల తప్పిపోయినోళ్ళని వెతికే బెర్గ్‌వాఖ్ట్ వాళ్ళు వచ్చిండ్రు. పదకొండు మంది, రెండు కుక్కలు. పరుగు ఆపేసిండ్రు.

నువ్వేమో కింద ఊర్ల, మన రూముల, దుప్పటి కప్పుకొని పండుకున్నవ్! లేచి, పరుగోళ్ళందరు జమైన హాల్‌కి వచ్చి అంతమంది ముంగట నా మీదనే అరిసినవ్. "బుద్ధుందా నీకు" అన్నవ్. నేను మాట్లాడే లోపలనే బ్యాగు తీసుకొని రైలెక్కి పోయినవ్.

వస్తా అన్నదానివి ఎందుకు రాలే? సాకులు రాయకు. జవాబు రాయి.

ఖుష్నుమా


ఎస్లింగెన్
ఫిబ్రవరి 6

శ్రీమతి ఖుష్నుమా గారికి,

గారూ అంటే కాలిందా? కాలనీ.

పొద్దున్నే పోస్టాయన బెల్లు కొట్టి సంతకం పెట్టించుకున్నాడు. పక్కింటావిడ తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. ఏ కోర్టు కాగితమో అని గుండె గుభేలుమంటే, విప్పి చూద్దును కదా, మూడు పేజీల టైపు! నాకు నాలుగు ముక్కలు రాయడానికి నీకు చెయ్యి కూడా రాలేదన్నమాట. లాయరు నోటీసు పంపించావు. బాగుంది.

ఎందుకు రాలేదని నన్నడుగుతావా? ఎన్ని గుండెలే నీకు! నేనొస్తానని నీతో చెప్పే కదా వచ్చేశాను! నీ భుజం మీద చెయ్యేసి, మొహంలో మొహం పెట్టి, నవ్వుతూ చెప్పాను. జాగ్రత్త అని కూడా చెప్పాను. నువ్వు తలూపావు. శుభ్రంగా తలూపి, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తావు. చెప్పాపెట్టకుండా వచ్చేసినదాన్నయితే అడుగు, పడతాను. చెప్పి వచ్చినదాని మీదికి పదకొండు మందిని, కుక్కల్ని తోలతావా?

నాకు కాలు బెణికింది. పన్నెండో కిలోమీటరు దగ్గర రాయి మీద మడతపడి చీలమండ వాచిపోయింది. నీకు చెప్పలేదు, కంగారు పడతావని. ఆ గుడారం దగ్గర బండి ఉంది, పరుగు మానేసినవాళ్ళని ఎక్కించుకుపోయేది. వాళ్ళ భాషలో దాని పేరు చీపురు బండి. ఊడ్చేసిన చెత్తలా అందులో కూర్చున్నాను, చాలా? డ్రైవరుకి నంబరు కూడా చెప్పాను, రాసుకున్నాడు. అక్కడ సిగ్నల్ లేక ఆ కాగితం సాయంత్రం దాకా ఆయన జేబులోనే ఉందట. అది నా తప్పా? నా ఫోను చలికి చచ్చిపోయింది. అది కూడా నా తప్పేనా?

రూముకొచ్చి వేన్నీళ్ళు పోసుకుని, ఫోను చార్జింగులో పెట్టి పడుకున్నాను. ఒక్కదాన్ని పోనివ్వరు కనక ఆ చీలిక దాకా ఎక్కి దగ్గరి దారిన దిగొస్తావు, నువ్వొచ్చే వేళకి హాల్లో ఉండి చప్పట్లు కొడదామని లేచి వెళ్ళాను. వెడితే ఏముంది, మైకులో నా పేరు! "గేటికా, గేటికా" అని ఒకటే అరుపు. అరవై మంది నా వైపు తిరిగారు. వెతికి వెతికి అప్పుడే దిగొచ్చిన ఒక పెద్దాయన, గడ్డానికి మంచు గడ్డకట్టి ఉంది, నన్ను పైనుంచి కిందదాకా చూసి ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ ఊరి పేపర్లో ఫోటో వేశారు. అది మా టీమ్ లీడ్ క్యాంటీన్‌కి పట్టుకొచ్చాడు. స్టుట్‌గార్ట్ తెలుగు గ్రూపులో నా మొహాన్ని స్టిక్కర్ చేశారే! దుప్పటి ఇమోజీతో సహా! ఆదివారం ఎవరైనా భోజనాలకి లేటయితే ఆ స్టిక్కరే పెడుతున్నారు.

అరిచానంటే అరిచాను. మళ్ళీ అరుస్తాను. ఇదంతా చేసింది నువ్వు. ఇక నాకు రాయకు.

గీతిక


హైడెల్‌బర్గ్
ఫిబ్రవరి 11

గీతికా,

రాయకంటే ఆగుతనా? 'నేనొస్తానని చెప్పే' అని నీ చేత్తోనే రాసినవ్. చెప్పినవని నువ్వే ఒప్పుకుంటున్నవ్! మళ్ళ రానిదానివి రాలే, పైనుంచి నన్ను తిడుతున్నవ్. నేను పిచ్చిదానిలెక్క కనపడుతున్ననా నీకు?

చెయ్యి రాలేదని ఎత్తిపొడిసినవ్ కదా. ఆ చెయ్యి సంగతి విను.

ఆ లావు గ్లౌజులతోని ఫోన్ స్క్రీన్ కదలదు. నీకు ఫోన్ చెయ్యనీకి కుడిచేతిది తీసిన. ఇరవై మూడు సార్లు చేసిన, లెక్క ఫోన్‌లనే ఉన్నది. తీసిన గ్లౌజు చంకల ఇరికించుకున్న. ఎప్పుడు జారిందో, గాలికి పోయింది. నొప్పి ఉన్నంతసేపు ఉండె. తర్వాత ఏమీ తెలియలే. తగ్గింది, మంచిదే అనుకున్న చూడు, అంత తెలివి నాది.

హాల్ల నువ్వు అరిచేటప్పుడు నా చేతులు వాళ్ళు కప్పిన దుప్పటి లోపల ఉండె. నువ్వు పోయినంక అరగంటకి నన్ను అంబులెన్స్ ఎక్కించిండ్రు.

చూపుడువేలు, నడిమివేలు. మొదలు తెల్లగ అయినయి, తర్వాత పొక్కులొచ్చినయి, ఇప్పుడు కొసలు నల్లబడినయి. డాక్టరమ్మ ఇప్పుడే కొయ్యను అంటున్నది. మార్చి ఆఖరు దాంక చూడాలెనట. ఎంత బతికిందో ఎంత సచ్చిందో చర్మమే గీత గీసి చూపెడ్తదట. అంతదాంక రోజు కట్టు విప్పుడు, చూసుడు, కట్టుడు. పైన ఫ్లోర్ల ఉండే సితారా ఆపా వచ్చి నాకు జడ వేసి పోతున్నది, ముప్పై ఆరేండ్ల ముసల్దానికి.

నా పని ఏందో నీకు ఎరుకే కదా. పండ్ల మీద వాలే ఈగ, దాని పురుగుపిల్ల, ఆ పురుగుపిల్ల తలకాయలనుంచి మెదడు తీసుడు. మైక్రోస్కోప్ కింద, సన్న ఫోర్సెప్స్‌తోని, ఈ రెండు వేళ్ళ కొసలతోని. ఎనిమిదేండ్లు నేర్చుకున్న పని. మా ఇన్‌స్టిట్యూట్‌ల నా అంత సాఫ్‌గ తీసేటోళ్ళు లేరు, గర్వంగనే చెప్తున్న. కాంట్రాక్టు సెప్టెంబర్ దాంక ఉన్నది. వేళ్ళు ఎందాంక ఉంటయో తెలియది.

ఆ మూడు పేజీలు ఎడమచేతి ఒక్క వేలితోని కొట్టిన. రెండు రోజులు పట్టింది. లాయర్ నోటీసట! తుఫ్!

ఖుష్నుమా


ఎస్లింగెన్
ఫిబ్రవరి 15

ఖుషీ,

నాకు తెలీదే. నీ మీదొట్టు, నాకు తెలీదు. ఉత్తరం చదవగానే బ్లాక్ తీసేసి ఆరుసార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎత్తవులే. సరే, ఉత్తరమే రాస్తాను.

చెయ్యి రాలేదు అని రాసినందుకు నా నోట్లో మన్నుపడ. సారీ. వంద సారీలు.

కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోను ఖుషీ. నిన్ను వదిలేసి వచ్చానను, పడతాను. చెప్పకుండా వచ్చానంటే మాత్రం పడను. నీ మొహం మీదే చెప్పాను. ఆ నింద నేను మొయ్యలేను, ముఖ్యంగా ఇప్పుడు, నీ చెయ్యి అలా అయ్యాక. అసలు మొయ్యలేను.

పనికి సెలవు పెట్టావా? వంట ఎవరు చేస్తున్నారు? రాయి.

గీత


హైడెల్‌బర్గ్
మార్చి 7

గీతికా,

మూడు వారాలు ఎందుకు రాయలేదంటే, రాస్తే బూతులే వస్తుండె. ఇయ్యాల ఒకటి జరిగింది, అందుకే రాస్తున్న.

రాజమండ్రి శారదాదేవి గారని, రెండు ట్రామ్ స్టాపుల అవతల ఉంటరు. నా సంగతి ఎవరో చెప్తే మధ్యాహ్నం చారు, బెండకాయ వేపుడు పట్టుకొచ్చిండ్రు. కూసొని అన్నం కలిపి నోట్ల పెట్టిండ్రు, నేను వద్దన్నా వినలే. గంట సేపు ముచ్చట పెట్టి, గిన్నెలు సంచిల సదురుకొని, బూట్లు తొడుక్కొని, నా భుజం మీద చెయ్యేసి అన్నరు కదా, "సరేనమ్మా, నేనొస్తా మరి. నువ్వు జాగ్రత్త."

అని, పోయిండ్రు. మెట్లు దిగి పోయిండ్రు.

నేను తలుపు పట్టుకొని అట్లనే నిలబడ్డ. కింది తలుపు పడిన చప్పుడు కూడ వినొచ్చింది. యా అల్లా! ఒక్కొక్క అక్షరం అదే గీతికా. చెయ్యి కూడ అదే భుజం మీద వేసిండ్రు.

పోతున్న అనొద్దు, వస్తా అనాలె. నువ్వు లైప్‌జిగ్‌ల సూపర్ మార్కెట్‌కి పోయేటప్పుడు కూడ అట్లనే అంటుంటివి. నేను 'పోతున్న' అంటే నా నోరు మూసేదానివి, మీ అమ్మ వింటే చెంప పగలగొడ్తదని. నాకు తెలియని మాటనా అది? మా అబ్బాజాన్ జడ్చర్ల హైస్కూల్ల ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిండు. తెలుగు పంతులు బిడ్డని, ఒక్క మాట కాడ పడ్డ. ఇంట్ల ఉర్దూ, బయట మా పాలమూరు తెలుగు. మాది 'పోయొస్త' అంటది, పోవుడు ఉంటది దాంట్ల. మీ మాటల ఉత్త వచ్చుడే ఉన్నది.

అయితే ఇంటి గడప కాడ మాటని కొండ మీద ఎవరు ఎట్ల పట్టుకుంటరే? నంబర్ బిళ్ళ కట్టుకొని, మంచుల, పరుగు నడుమ నిలబడి, నా జోడీ మనిషి వస్తా అంటే, నేను ఏమని వినాలె? సెలవు తీసుకుంటున్నవని వినాలెనా? చుట్టాలింట్ల కాఫీ తాగి లేస్తున్ననని అనుకున్నవా నువ్వు?

నేను కూడ నీ కాడ ఒకటి దాచిన. ఇప్పుడు చెప్త.

ఆ చీలిక కాడ నేను నిలబడ్డ ఇరవై నిమిషాలకి కిందినుంచి అప్పుడే ఎక్కొచ్చిన వలంటీర్ ఒకాయన నా దగ్గరికి వచ్చిండు. కింద గుడారం కాడ నీలం జాకెట్ తొడుక్కున్న ఒకామె బండెక్కుతుంటే చూసిన, నీ జోడీ అయ్యుండొచ్చు, నువ్వు కూడ దిగిపో అన్నడు. అప్పటికి నా వేళ్ళు మంచిగనే ఉన్నయి. నేను ఆయనని కసిరిన. "ఆమె అట్ల చేసే మనిషి కాదు. వస్తా అన్నది, వస్తది" అన్న. ఆయన భుజాలెగరేసి పోయిండు. ఇంకో యాభై నిమిషాలు నిలబడ్డ.

డాక్టరమ్మ అడిగింది, అంతసేపు ఎందుకు నిలబడ్డవని. ఏం చెప్పాలె ఆమెకు? జర్మన్‌ల ఎట్ల చెప్పాలె దీన్ని?

మాట అర్థమయింది. కోపం మాత్రం పోలే. ఎందుకు పోతలేదో నాకే సమజ్ అయితలేదు.

ఖుషీ


ఎస్లింగెన్
మార్చి 15

ఖుషీ,

నీ ఉత్తరం చదివి మొదట నాకేమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. తప్పు నాది కాదు, మాటది. ఆ సంతోషంలో సాయంత్రం బిర్యానీ తెప్పించుకుని తిన్నాను కూడా. సిగ్గులేనిదాన్ని.

రాత్రి పడుకునే ముందు మళ్ళీ చదివాను. ఆ వలంటీరు దగ్గర ఆగిపోయాను. "ఆమె అట్ల చేసే మనిషి కాదు" అన్నావు. వారం రోజులైంది, ఆ ఒక్క వాక్యం నన్ను తిననివ్వట్లేదు, ఆఫీసులో కూర్చోనివ్వట్లేదు.

కాలు బెణకలేదు.

నాకేమీ కాలేదు ఖుషీ. చీలమండ వాచిందీ లేదు, మడతపడిందీ లేదు. ఆ గుడారంలోంచి తల బయటికి పెట్టి పైకి చూశాను. ఏమీ కనపడలేదు. కొండ లేదు, ఆకాశం లేదు, అంతా తెలుపే. ఆ తెలుపులోంచి గాలి హోరు. నా ముందే ఒకాయన్ని ఇద్దరు పట్టుకుని దింపుతున్నారు, ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాకు భయమేసింది. అంతే. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, ప్రాణం మాత్రం వణికిపోయింది.

ఆ ముక్క నీతో ఎలా అననూ? నిన్ను ఇందులోకి దింపిందే నేను. "ఏం కాదే పిరికిదానా, పద" అని నాలుగు నెలలు నిన్ను చలిలో పరిగెత్తించిందే నేను. లైప్‌జిగ్‌లో ఇంటి ఓనరు మీద అరిచింది నేను, ఇద్దరి తరఫునా కొట్లాడింది ఎప్పుడూ నేనే. అక్కడేమో నువ్వు చాయ్ కప్పు పట్టుకుని, ముక్కు ఎర్రగా, మొహమంతా నవ్వు పెట్టుకుని "పోదమా" అంటున్నావు. నాకు భయమేస్తోంది, నేను మానేస్తున్నాను, నువ్వూ మానెయ్ అని అనాలి. నోరు రాలేదు. మెత్తగా, మర్యాదగా, మా అమ్మ నేర్పిన మాట ఒకటుంది కదా, అది అనేశాను. నువ్వు తలూపావు. అర్థమయిందా లేదా అని ఒక్క క్షణం నీ మొహంలోకి చూశాను. అర్థం కాలేదేమో అని అనుమానం వచ్చింది కూడా.

వచ్చింది ఖుషీ. ఆ అనుమానం నాకు అప్పుడే వచ్చింది. కానీ నిన్ను ఆపి రెండోసారి చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. ఆపలేదు. నువ్వు మలుపు తిరిగేదాకా చూసి బండెక్కాను.

ఇప్పుడు తెలిసిందా నీ కోపం ఎందుకు పోవట్లేదో.

గీతిక


హైడెల్‌బర్గ్
మార్చి 27

గీతికా,

నీ ఉత్తరం పది రోజులు బల్ల మీదనే ఉన్నది. చించేద్దామనుకున్న, ఒక్క చేత్తోని సరిగ్గ చినగలే.

అనుమానం వచ్చింది అంటవా! వచ్చి కూడ బండెక్కినవా! భయమైతే భయమని చెప్తే నేను నవ్వుతుంటినా? నేను నీ ముంగట ఎన్నిసార్లు భయపడలే? వీసా ఆఫీస్‌కి ఒక్కదాన్ని పోనీకి భయమై నీ చెయ్యి పట్టుకొనే పోతుంటి. అప్పుడు నువ్వు నన్ను తక్కువ చేసినవా? మరి నేను నిన్ను తక్కువ చేస్తనని ఎట్ల అనుకున్నవ్? ఇన్నేండ్లల నన్ను చూసింది ఇంతేనా నువ్వు? వేళ్ళకన్నా ఎక్కువ ఇది మంటపెడుతున్నది నన్ను. ఆ లేని కాలునొప్పి కోసం నేను ఒకరోజు జాలి కూడ పడ్డ, థూ!

విషయం రాస్త. చర్మం మీద గీత తేలింది. చూపుడువేలు ఉంటదట, స్పర్శ సంగతి చెప్పలేరట. నడిమివేలు కొస తియ్యాలె, మొదటి కణుపు దాంక. ఏప్రిల్ 4, శుక్రవారం, పొద్దున ఎనిమిదికి. చిన్న ఆపరేషనే, సాయంత్రం ఇంటికి పంపిస్తరు. తోడు ఒకరు ఉండాలెనట.

సితారా ఆపా నేనుంట అంటున్నది. మంచి మనిషి. అయినా సిగ్గు విడిచి రాస్తున్న, నాకు నువ్వు కావాలె. ఆ లోపలికి పోయేముందు తిట్టనీకి నాకు నువ్వు కావాలె.

వస్తవా? అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్కటే రాయి. మెత్తగ రాయకు.

ఖుష్నుమా


ఎస్లింగెన్
ఏప్రిల్ 1

ఖుషీ,

రాను.

సెలవు దొరకలేదని ఒక ఉత్తరం రాశాను. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, మా టీమ్ లీడ్ ఒప్పుకోలేదు అని. అంటించాను కూడా. చింపేశాను. సెలవు అడగనేలేదు. అడిగితే ఇస్తాడు.

నీ చెయ్యి చూడలేను. రైలు టికెట్ దాకా వచ్చి ఫోను పక్కన పెట్టేశాను, మూడుసార్లు. ఆ కట్టు విప్పుతుంటే నేను అక్కడ నిలబడాలి, నువ్వు నా వైపు చూస్తావు, అప్పుడు నేనేం చెయ్యాలి? నాకు భయమేస్తోంది. అక్కడికొచ్చి మధ్యలో కారిడార్‌లోంచి పారిపోతానేమోనని ఇంకా భయమేస్తోంది. నాలాంటిది పక్కన ఉండటంకన్నా లేకపోవడం నీకు మంచిది. అది కూడా సాకే అంటావేమో. అను.

సితారా గారిని పిలువు. ఈ రోజే పిలువు. నా కోసం చూడకు, నేను రాను.

గీతిక


హైడెల్‌బర్గ్
ఏప్రిల్ 10

గీతికా,

గురువారం మధ్యాహ్నం అందింది నీ ఉత్తరం. మొదటి మాట చదివి తిట్టిన. తెలుగుల సరిపోలే, ఉర్దూల తిట్టిన, అది కూడ సరిపోక మళ్ళ తెలుగుకే వచ్చిన. అరగంట తిట్టి, మొహం కడుక్కొని, పైకి పోయి సితారా ఆపా తలుపు కొట్టిన. పొద్దున ఆరున్నరకి టాక్సీ పెట్టుకొని ఇద్దరం పోయినం.

ఆస్పత్రిల వరండా తలుపు తెరుచుకున్నప్పుడల్ల తల తిప్పి చూసే పని లేకుండె నాకు. ఆపాతోని మాట్లాడుకుంట కూసున్న. పేరు పిలిస్తే లేచి లోపలికి పోయిన. వేలు కొస తీసేసిండ్రు. కుట్లు మంచిగ మానుతున్నయి. సోమవారం నుంచి చూపుడువేలుతోని సన్న పని మొదలుపెట్టి చూడమన్నరు. ఈగ మెదడు తియ్యగలుగుతనో లేదో జూన్ నెలల తెలుస్తది. రాకపోతే ఎడమచేతికి నేర్పుకుంట, ఎనిమిదేండ్లు పడితే పడుతయి.

కోపం అట్లనే ఉన్నది. రేపు ఎల్లుండి పోయేది కాదు. నువ్వు ఇక్కడికి ఎప్పుడొస్తవో నేను అడగను, నువ్వు కూడ చెప్పకు.

ఒక్కటి మాత్రం రాసి ముగిస్త. ఆ చాయ్ గుడారం కాడ నువ్వు నాకు ఈ రెండక్షరాలు చెప్పి ఉంటే, 'రాను' అని, నేను నిన్ను దారి పొడుగునా తిట్టుకుంట నీ పక్కసీట్లనే ఆ బండెక్కి దిగిపోయేదాన్ని. పది వేళ్ళతోని దిగిపోయేదాన్ని.

ఖుష్నుమా